క్షమించే ఇనుము

బక్కీ రేవులో చేపల షెడ్డు
తెల్లవారుజామున నాలుగింటికే లైట్లు వేసుకుంటుంది.
ఎల్స్‌పెత్ గెడ్డెస్ అక్కడ ముప్పై రెండేళ్ళుగా
హాడాక్ చేపల వెన్నుముల్లు తీస్తోంది.
కత్తి సన్నగా ఉండాలి, అంటుంది.
లావు కత్తి కొయ్యదు, నములుతుంది.

అందుకే శనివారం గోల్ఫ్ కొట్లో
గోడకి వరసగా వేలాడే బ్లేడు ఐరన్ల ముందు
చాలాసేపు నిలబడిపోయింది.
అద్దంలాంటి ముఖాలు, అట్టముక్కంత అంచులు.
వీటితో కొట్టాలంటే ముందు కొట్టడం వచ్చి ఉండాలని
ఆ గోడ మీద ఎవరూ రాయలేదు.

ఆమె హాండీక్యాప్ ముప్పై ఒకటి.
(ఈ ఆటలో అంకె తగ్గితేనే గొప్ప.)
పోయినేడూ ముప్పై ఒకటే.
అంతకు ముందేడు ముప్పై.
దాని గురించి ఆమె మాట్లాడదు.

ఆడలేక మద్దెల ఓడు అంటాం మనం.
ఆ ఉప్పుగాలిలో ఆమెకీ ఈ మాట
వేరే వేషంలో వినపడే ఉంటుంది.
ఆరేళ్ళుగా మద్దెలని పల్లెత్తు మాట అనలేదు.
బావ పారేయబోతే తెచ్చుకున్న సెట్టు.
పిడి రబ్బరు సీసాలా నున్నబడింది.
మూడో నంబరు సంచీ దాటి ఎరగదు.
ఆరో నంబరు తలలో ఏదో ఊడి
గిలక్కాయలా పలుకుతుంది.
ఒక్కోసారి
మద్దెల నిజంగానే ఓడు.

కొట్టు కుర్రాడు టోర్మొడ్
బ్లేడు ముఖానికి తెల్ల టేపు అతికించి
వెనక మైదానంలో పది బంతులు పెట్టాడు.
దెబ్బకో నీలి మచ్చ.
మధ్యలో తగిలిందనుకున్నది మడమ దగ్గర,
బాగా తగిలిందనుకున్నది వేలి కొసన.
నడిబొడ్డు మాత్రం
వానలో గొడుగు కింది నేలలా పొడిగా ఉంది.
ఆమె టేపు ఊడబెరికి
కళ్ళజోడు నుదుటి మీదికి తోసి
రక్తపరీక్ష చీటీలా చదువుకుంది.

అప్పుడు తెచ్చాడు రెండో రకం.
గుల్ల వీపు, వెడల్పు అడుగు,
బరువంతా అంచులకి పంచిపెట్టిన ఇనుము.
"ఇది క్షమిస్తుందండీ" అన్నాడు.
వాళ్ళ వృత్తి మాట అది: దెబ్బ పక్కన తగిలినా
బంతి ఇంచుమించు వెళ్ళాల్సిన చోటికే వెళ్తుందని.

ఆమెకి నచ్చలేదు.
ముప్పై రెండేళ్ళలో ఏ చేపా ఆమెని క్షమించలేదు.
కోత వంకరపోతే తూకంలో తేలేది,
శుక్రవారం కవరులో తేలేది.
క్షమించేదాని దగ్గర ఎవరేం నేర్చుకుంటారు?

అయినా కొట్టింది.
మడమకే తగిలింది, ఆమెకి తెలుసు.
కానీ మోచేతి దాకా పాకే ఆ జివ్వుమనడం లేదు.
బంతి లేచి, నూరు గజాల జెండా దాటి,
తప్పేమీ జరగనట్టు దిగింది.
"ఇంకోటి పెట్టు."

తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.
పద్దెనిమిదేళ్ళప్పుడు షెడ్డులో మొదటిరోజు
ముసలి యూఫీమియా సన్నకత్తి లాక్కుని
మొన లేని మొద్దుకత్తి చేతిలో పెట్టింది.
"ముందు వేళ్ళు మిగుల్చుకో పిల్లా.
నాజూకు తర్వాత."
రెండేళ్ళు ఆ మొద్దుకత్తే. వేళ్ళు పదీ ఉన్నాయి ఇంకా.

ఆరు నుంచి కింది ఐరన్లన్నీ గుల్ల వీపువే తీసుకుంది,
పొడవాటివి వద్దంది, బదులు రెండు హైబ్రిడ్లు.
డబ్బు కట్టి, గుమ్మం దాకా వెళ్ళి
మళ్ళీ వెనక్కొచ్చింది.
గొడుగులూ విరిగిన కర్రలూ పడేసిన పీపాలోంచి
తుప్పు చుక్కల పాత బ్లేడు ఒకటి లాగింది,
ఏడో నంబరు. మూడు పౌండ్లు.
"ఇది క్షమించదండీ" అన్నాడు కుర్రాడు.
"తెలుసు" అంది.

సోమవారం పని దిగాక,
అల వెనక్కి పోయిన తడి ఇసుకలో,
రబ్బరు బూట్లతోనే,
సుద్ద పూసిన బ్లేడుతో ఒక్కటే బంతిని
కొట్టి, నడిచి, మళ్ళీ కొట్టి.
సీగల్ ఒకటి ఆమె గురి మీది నమ్మకంతో
కదలకుండా కూర్చుంది.
చెయ్యి జివ్వుమంటోంది.
సుద్దలో పొలుసంత మచ్చ,
నడిబొడ్డుకి ఇంకా వేలెడు ఇవతల.
ఆమె దాన్ని ఏప్రన్‌తో తుడిచి
మళ్ళీ పూసింది.